వానపాములకు ఆవకాయ అన్నం

ఈ మాటను మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు మోశాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

2006లో నార్త్ కరొలైనాలో మాస్టర్స్ చేస్తున్నాను. సరళ నా రూమ్మేట్, కరీంనగర్ పిల్ల, నాకు జూనియర్. ఇద్దరిదీ ఒకటే ప్రాజెక్టు. ఏళ్ల తరబడి పురుగుమందులు తాగి పాడైన పత్తి చేను మట్టిని ట్రేలలో పోసి, మళ్లీ బతికించాలి. వానపాములు నావి. ఆ మందు విషాన్ని తినేసే బ్యాక్టీరియా సరళది. పొద్దున్నే తన సీసాలను "గుడ్ మార్నింగ్ బంగారాలూ" అని పలకరించేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఎంత ముద్దొచ్చేదో!

ఉగాదికి తలా ఒక వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లో ఆవకాయ అన్నం బోలెడు మిగిలింది. అన్నం చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రాలేదు. వానపాములకు రోజూ ఓట్స్ పొడే పెట్టేవాళ్లం. పండగపూట కూడా చప్పిడి తిండేనా పాపం అనిపించింది. సరళ ముందురోజే బ్యాక్టీరియా కలిపిన ట్రేలలోవి ఎక్కువ కష్టపడుతున్నాయని వాటికే పెట్టాను. ఉప్పూ కారం వానపాముల ఒంటికి పడవని నాకు తెలియదా? పరీక్షలో కూడా రాశాను. మరి చెయ్యి ఎలా పోయింది? బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మర్నాటికి ఆ ట్రేలలో ఒక్కటీ బతకలేదు. ముందు చూసింది నేనే. మెతుకులన్నీ ఏరి పారేశాను. అన్నం పెట్టడం పొరపాటు అనుకున్నా, ఏరడం పొరపాటు కాదు కదా. తర్వాత సరళ వచ్చింది, చూసి కింద కూలబడింది.

"అక్కా, ఇవన్నీ నా బ్యాక్టీరియా వల్లనే చచ్చినయా? డోస్ మిస్టేక్ చేసిన్నా నేను?"

"అయ్యుండొచ్చే. ఏడవకు."

అంతే అన్నాను. ఎందుకన్నాను? ప్రొఫెసర్ ముందు నవ్వులపాలవుతాననా, థీసిస్ ఆగిపోతుందనా, లేక ఎప్పుడూ అన్నీ తెలిసిన అక్కగానే తనకు కనబడాలన్న పిచ్చి గొప్పా? ఎంత తవ్వినా భయం తప్ప ఏమీ దొరకదు. సరళ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది. సీసాలన్నీ తన చేతులతోనే పారబోసి, కంప్యూటర్ కోర్సులకు మారిపోయింది.

ఇప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే క్యారీ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. బాగానే స్థిరపడింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. మా పిల్లలకు సరళ ఆంటీ అంటే ప్రాణం. నాకు జ్వరమొస్తే ఆఫీస్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి చారు కాచి పోతుంది. పెరట్లో మొక్క నాటుదాం రమ్మంటే మాత్రం, తను ముట్టుకుంటే చస్తుందని నవ్వేస్తుంది. ఆ నవ్వు చూసి కూడా నోరు విప్పలేదు నేను. ఇంత ప్రేమ ఉన్నదాన్ని అంత పిరికిదాన్ని ఎలా అయ్యాను?

క్షమించమని అడిగే ముఖం లేదు. ఇది చదివితే తను నన్ను వెంటనే గుర్తుపడుతుంది. పట్టాలనే రాశాను. గుండె కాస్త తేలికపడింది.

సరళా, నీ బ్యాక్టీరియా వాటిని చంపలేదు. నేను చంపాను. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.