ఎస్తేరమ్మ గారి మధ్యాహ్నం చుక్క

డెబ్బై ఎనిమిదిలో నేను అమలాపురంలో ఒక కంటి డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతి ఒకసారి తప్పాను. రెండోసారి కూర్చుంటే మా తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మూడోసారికి వాడే నాకు పాఠం చెప్పేలా ఉన్నాడని బడి మానేశాను. అలాంటి నాకు దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, వచ్చిన వాళ్ళందరికీ కళ్ళలో మందు ఎలా వేసుకోవాలో పాఠం చెప్పడం.

అప్పట్లో శుక్లం ఆపరేషనంటే కంట్లోని లెన్సు తీసేయడమే. ఇప్పట్లా దాని చోట ఇంకోటి పెట్టేవారు కాదు. కట్టు విప్పాక ప్లస్ టెన్ అద్దాలు ఇచ్చేవాళ్ళం, అంటే సోడాబుడ్డి అడుగంత మందం ఉన్నవి. అవి పెట్టుకుంటే దూరంగా వచ్చే బస్సు కనిపిస్తుంది, చేతిలో టిక్కెట్టు కనిపించదు. తీసేస్తే బస్సూ లేదు, టిక్కెట్టూ లేదు. అలాంటి మనిషి చేతికి మందు సీసా, ఒక డ్రాపరు ఇచ్చేవాళ్ళం. డ్రాపరంటే రబ్బరు బుడ్డి తగిలించిన సన్నటి గాజు గొట్టం. రోజుకు నాలుగుసార్లు ఒక్కొక్క చుక్క వేసుకోమని చెప్పి పంపేవాళ్ళం. అద్దాలు పెట్టుకుని వేస్తే చుక్క అద్దం మీద పడుతుంది. తీసి వేద్దామంటే డ్రాపరే కనపడదు. ఇంట్లో వేసేవాళ్ళుంటే సరే, లేకపోతే మా ప్రాణానికి వచ్చేది.

కొత్తపేట నుంచి వచ్చిన ఎస్తేరమ్మ గారు మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. కొడుకూ కోడలూ కూడా టీచర్లే. కోడలు పొద్దున్న మందు వేస్తానంటే, "నీకు బస్సు టైమవుతోంది, నువ్వెళ్ళమ్మా" అని పంపేసి అన్ని పూటలా తనే వేసుకునేవారు. ఆవిడ ఎడమ కన్ను చిన్నప్పుడే మశూచి వల్ల పోయింది. మేం ఆపరేషను చేసింది ఉన్న ఒక్క కంటికి.

రివ్యూకి, అంటే ఆపరేషను తర్వాత చూపించుకోవడానికి వచ్చేసరికి ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

"మందు వేసుకుంటున్నారాండీ, టీచరమ్మ గారూ?"

"ఆయ్, వేసుకుంటున్నాను బాబూ. టైము తప్పట్లేదు."

"కంట్లోనే కదండీ?"

"మరి చెవిలో వేసుకుంటానేంటి?"

మళ్ళీ పాఠం మొదలెట్టాను. తల వెనక్కి వంచండి, కింది రెప్ప లాగండి, చుక్క వదలండి. ఆవిడ బుద్ధిగా తలూపి వెళ్ళారు. తర్వాతి వారం వస్తే కన్ను ఇంకా ఎర్రగా ఉంది, సీసా మాత్రం ఖాళీ. ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి తలూపారు. అన్నిసార్లు ఒకే పాఠం నాకెవరైనా చెప్పి ఉంటే ఈ పాటికి హెడ్మాస్టరునయ్యేవాణ్ణి.

ఆవిడ బయటికి వెళ్ళాక డాక్టరు గారు నా మీద పడ్డారు. "ఏం చెప్పి పంపుతున్నావయ్యా నువ్వు? మందు లోపలికి వెళ్తే ఆ కన్ను ఇలా ఉండదు. ఇంకో వారం ఇలాగే ఉంటే ఆవిడకి ఈ కన్నూ దక్కదు. వెళ్ళి ఇంటి దగ్గర ఏం చేస్తున్నారో చూసిరా."

మర్నాడు మధ్యాహ్నం ఎండలో కొత్తపేట బస్సులో నిలబడి వెళ్ళాను. దారి పొడవునా తిట్టుకుంటూనే ఉన్నాను. నన్ను చూసి ఆవిడ సంబరపడ్డారు. "సరిగ్గా మందు టైముకే వచ్చేవు. కూర్చో, మజ్జిగ ఇస్తాను."

"మజ్జిగ తర్వాతండీ. ముందు మందు వేసుకోండి, చూస్తాను."

ఆవిడ చేతులు కడుక్కున్నారు. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. డ్రాపరు నింపి, తల వెనక్కి వంచి, చెయ్యి పైకెత్తారు. అంతవరకూ నేను చెప్పింది చెప్పినట్టే. అప్పుడు కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన మధ్యలోనే చుక్కలు వదిలారు. ఒకటి రెప్ప మీద పడి చెంప మీదికి జారింది. ఇంకోటి నుదుటి మీద పడింది. ఆమేన్ అన్నారు. చీర చెంగుతో కన్నంతా గట్టిగా తుడుచుకుని, "అయిపోయింది బాబూ" అన్నారు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "కళ్ళు మూసుకుని వేసుకుంటే లోపలికి ఎలా వెళ్తుందండీ?"

"తెరిచినా ఆ గొట్టం కనపడదు కదా బాబూ. కనపడని గాజు ముక్క కంటి మీదికి వస్తుంటే గుండె దడ. దానికన్నా మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటే ధైర్యంగా ఉంటుంది. చల్లగా తగులుతోంది కూడాను."

ముఖం చూసుకునే అద్దం తెచ్చి ముందు పెట్టాను, అందులో ఆవిడకి మబ్బే కనిపించింది. తెరిచి ఉంచండని బతిమాలాను, డ్రాపరు దగ్గరికి వచ్చేసరికి రెప్ప టపీమని పడిపోయేది. చివరికి విసిగిపోయి, "పడుకోండి, ప్రార్థన చేసుకోండి, నేనే వేసి పోతాను" అన్నాను.

ఆవిడ చాప మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. ఎంతకీ తెరవరు. నా బస్సు పోతోంది. మూసిన కంటికి ముక్కు పక్కనున్న మూలలో ఒక చుక్క వేసి కూర్చున్నాను. అది జారిపోకుండా ఆ గుంటలోనే నిలిచింది. ఆమేన్ అని ఆవిడ కళ్ళు తెరవగానే చుక్క లోపలికి జారిపోయింది.

"అబ్బా, మండుతోంది! ఏం వేసేవు?"

"మీ మందేనండీ."

"ఇన్నాళ్ళూ మండలేదే!"

ఆవిడ ముఖం పాలిపోయింది. తర్వాత లేచి మళ్ళీ చేతులు కడుక్కున్నారు. "అయితే నా చేత వేయించు" అన్నారు. మళ్ళీ చాప మీద పడుకుని కళ్ళు మూసుకుని, ఎడమ చేతి వేలితో ముక్కు పక్కన తడుముకున్నారు. మన ముక్కు ఎక్కడుందో తెలియడానికి చూపెందుకు? వేలి గుర్తుకి కాస్త పైన, కంటికి తగలకుండా డ్రాపరు పట్టుకుని మందు వృథా కాకుండా ముందు కాచి చల్లార్చిన ఉత్త నీళ్ళతో చుక్క వదిలారు. మూడోసారికి చుక్క సరిగ్గా మూలలో నిలిచింది. చీర చెంగు కంటి దగ్గరికి రాకూడదని, మరిగించి ఆరేసిన గుడ్డతో చెంప మాత్రమే అద్దుకోవాలని చెప్పి, మజ్జిగ తాగి వచ్చేశాను.

తర్వాతి రివ్యూకి ఎరుపు తగ్గింది. ఆ పై వారం కన్ను తేటపడింది. డాక్టరు గారు నన్ను మెచ్చుకోలేదు గానీ తిట్టడం మానేశారు, ఆయన దగ్గర అది పెద్ద బహుమానం. అప్పట్నుంచి నేను ఎవరినీ "మందు వేసుకుంటున్నారా" అని అడగలేదు. "ఏదీ, వేసుకుని చూపించండి" అనేవాణ్ణి. ఆయ్ అని తలూపడానికి ఎవరికీ కష్టం లేదు, చేసి చూపిస్తేనే బండారం బయటపడేది.

దగ్గర చూపుకి కూడా అద్దాలు ఇచ్చిన రోజు ఎస్తేరమ్మ గారు మా గోడ మీది క్యాలెండరులో చిన్న అక్షరాలన్నీ గడగడా చదివేశారు. నేను ఊరుకోలేక, "ఎండలో బస్సెక్కి వచ్చానండీ, మీ ప్రార్థనలో నా పేరు కూడా ఒకసారి చెప్పండి" అన్నాను.

"మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను బాబూ," అన్నారావిడ. "ప్రభువా, ఈ కాంపౌండరుకి కాస్త ఓపిక ఇవ్వు అని. నా కన్ను సంగతి విన్నాడు గానీ, అదింకా వినలేదు."