రాకడ చీర

పోయిన గురువారం తెల్లవారుతుండగా, ముసురు పట్టి ఉన్నప్పుడు, మా మేనత్త కన్నుమూసింది. ఉదయగిరి పాలెంలో అందరికీ తెలిసిన సంగతే. ఆత్మకూరు, వింజమూరు వైపు వెళ్లి స్థిరపడిన మనవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. రాయడం నాకు పెద్దగా రాదు, చిన్నప్పుడే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఆమె ఉంటే, "ఎగతాళి పక్కనబెట్టి రాయరా" అని ఉండేది.

మామ పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు. పిల్లలు లేరు. కూలికి పోయి బతికింది. ఆమె గుడిసెలో ఒక మంచం, కుండలు, ఒక తెల్లచీర. ఆ చీర ఎప్పుడూ కట్టేది కాదు. శనివారం శనివారం ఉతికి, గంజి పెట్టి, మడిచి తలకింద పెట్టుకుని పడుకునేది. ప్రభువు తిరిగి వచ్చే రోజు కట్టుకోవడానికి. దానికి 'రాకడ చీర' అని పేరు పెట్టింది నేనే.

"ఏందత్తా, ఈ వారం గూడా రాలా మీ ప్రభువు?" అనేవాణ్ణి.

"ఆత్మకూరు బస్సు మాత్రం చెప్పిన టయానికి వస్తాందా? అయినా జనం రోడ్డు మీద నిలబడకుండా పోతారా?"

అప్పట్లో నేను ఆ బస్సులోనే క్లీనరును. ఒకసారి రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారన్ ఊడదీసి తెచ్చి, తెల్లారగట్ల ఆమె గుడిసె వెనక నిలబడి గట్టిగా మోగించాను. ప్రభువు రాకడప్పుడు మోగే కడబూర అనుకుని బెదిరి పరుగెత్తుకొస్తుందని నా సరదా. కాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

నన్నూ, నా చేతిలో హారన్‌నూ చూసింది.

"నువ్వట్రా?"

"భయమెయ్యలా అత్తా?"

"పిలిస్తే పొయ్యేదానికి భయమేందిరా? పోనీలే, ఎంత తొందరగా తెమలగలనో తెలిసొచ్చింది. రా, చద్దన్నం తిందువు."

నవ్వుతూనే అన్నది. కానీ ఆ చీర విప్పి మళ్లీ మడవడానికి చాలాసేపు పట్టింది.

వానల్లేని ఏడాది పాలెంలో కలరా వచ్చింది. పక్క గుడిసెలో పెళ్లీడు పిల్ల పోయింది. కప్పడానికి వాళ్లింట మంచి గుడ్డ లేదు. మేనత్త తలకింద నుంచి తెల్లచీర తీసి ఇచ్చేసింది. మట్టి చేసి తిరిగొస్తుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఇప్పుడాయన వస్తే ఏం కట్టుకోని పోతావత్తా?"

"ఉన్నదే ఉతుక్కోని పోతా. ఆ పిల్ల ముందు పోయింది గదా, నా చీర ఆయన చూసే ఉంటాడులే."

అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎదురుచూసేవాళ్లకు ఏడుపు రాదని అంతవరకూ అనుకునేవాణ్ణి.

అప్పటినుంచి, అంచుకు అతుకు వేసిన పాత నీలం చీరే రాకడ చీర అయింది.

ఈ వానలకు మంచం పట్టింది. ఆత్మకూరు ఆసుపత్రికి పోదామంటే ఒప్పుకోలేదు. చావంటే ఆమెకు బెదురు లేదు. మాసిన బట్టలో ఆయనకు ఎదురుపడాల్సి వస్తుందేమోనన్నదే ఆమె దిగులంతా. బుధవారం నన్ను పిలిచింది.

"అబ్బయ్యా, ఆ చీర ఉతికి పెట్టరా. నాకు చేతగావడంలా."

"ముసురు పట్టుండాది, ఆరదత్తా. రెండు దినాలు ఆగమని చెప్పు ఆయనకు."

నవ్వింది. ఆ నవ్వు కోసమే అన్నాను.

"నేను చెబితే ఆగేవాడా? ఉతుకు."

ఉతికాను. నేనూ నా భార్యా చెరో కొస పట్టుకుని పొయ్యి సెగకు ఆరబెట్టాం. కట్టెలు పచ్చివి, పొగే తప్ప వేడి లేదు. తెల్లవారుతుండగా కళ్లు తెరిచి, "ఆరిందా?" అని అడిగింది.

"ఆరవస్తాండాది అత్తా."

మళ్లీ అడగలేదు.

నా భార్య ఆమె ముఖం కడిగి, తల దువ్వి, ఆ తడిచీరే కట్టింది.

కొండ కింద సమాధుల తోటలో, కాళ్లు తూర్పుకు వచ్చేటట్టు గుంటలోకి దించాం. లేచేసరికి ఆయన ఎదురుగా కనబడాలని మనవాళ్లను అట్లాగే పెడతాం కదా. పాట అయింది, ప్రార్థన అయింది. అందరం గుప్పిట్లో మట్టి తీసుకున్నాం. అప్పుడు మలుపులో ఆత్మకూరు బస్సు హారన్ మోగింది. వానలో అది ఎక్కణ్ణించో వచ్చినట్టుంది.

నేను గుంట మీదికి వంగాను.

"ఈసారి మోగించింది నేను కాదత్తా."

ఎవరూ నవ్వలేదు. మట్టి వేయడానికి నాకు చెయ్యి రాలేదు. కింద ఆమె పొగవాసన చీరలో తూర్పుకేసి పడుకుని ఉంది. అతుకు వేసిన ఆ నీలం అంచు ఇంకా తడిగానే ఉంది.