దక్షిణపు దొడ్లో నాలుగు కొబ్బరిచెట్లు

కోన్ని ఊరి అడవి అంచున దాక్షాయణితో మాటకు దిగి గెలిచిన మనిషి ఒక్కడే, ఆమె మొగుడు వేలాయుధన్. ఆయనైనా బదులు చెప్పకుండా బీడీ వెలిగించుకునే గెలిచాడు.

నలభై ఏళ్ళు రబ్బరుపాలు తీసిన మనిషి ఆమె. డెబ్బై ఒకటో ఏట అటవీశాఖ వాళ్ళొచ్చి ఇంటికి దక్షిణాన ఉన్న అర ఎకరంలో హద్దురాళ్ళు పాతారు. అది రిజర్వు అడవట, వీళ్ళు నలభై ఏళ్ళ కిందట ఆక్రమించారట. ఆ ఇంట్లో పోయినవాళ్ళందరినీ దహనం చేసింది ఆ అర ఎకరంలోనే. చితి ఆరిన చోట ఒక్కొక్కరి పేరున ఒక్కో కొబ్బరిమొక్క నాటారు. నాలుగోది వేలాయుధన్‌ది, దాని పక్క చోటు తనది. అది పోతే తన శవాన్ని టౌను శ్మశానానికి మోసుకుపోతారన్న తలపుకే ఆమెకు కడుపు మండేది.

కింది కోర్టులో ఓడిపోయింది. అప్పీలుకు పెట్టుకున్న లాయరు బీన తల పట్టుకుంది.

"అమ్మచ్చీ, పాత కాగితం ఒక్కటైనా లేదా?"

"చెదలు తిన్నాయే తల్లీ. చెట్లను మాత్రం తినలేదు. వాటినే సాక్ష్యానికి పిలువు!"

బీన నవ్వబోయి ఆగిపోయింది. మర్నాడే, స్థలం చూసి రావడానికి మనిషిని పంపమని కోర్టును అడిగింది.

కోర్టు కమిషనరు వచ్చిన రోజు ఊరంతా అక్కడే ఉంది. అటవీశాఖ రేంజరు మూతి విరిచాడు. "కొబ్బరి ఎక్కడైనా మొలుస్తుంది సార్."

"అవునవును," అంది దాక్షాయణి. "ఏనుగు తొండంతో తెచ్చి, తాడు పట్టి వరసగా పాతిపోయింది!"

కమిషనరు కూడా నవ్వేశాడు. అన్నిటికన్నా పాతది, ఆమె కాపురానికి రాకముందే పోయిన అత్తగారి చెట్టు. కొబ్బరికాయలు దింపే శివన్ దాన్ని ఎక్కుతూ, మట్టలు రాలిన మచ్చలు ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టాడు. ఆరు వందల ఎనభై నాలుగు. ఏడాదికి పన్నెండు మట్టలు రాలతాయని వ్యవసాయాధికారి లెక్క కట్టాడు: యాభై ఏడేళ్ళు. మాను పైకి లేవకముందు మరో అయిదేళ్ళు. పంచాయతీ మరణాల రిజిస్టరు తీస్తే అత్తగారు పోయి సరిగ్గా అరవై రెండేళ్ళు.

అప్పీలు నెగ్గింది. రాళ్ళు పీకించడానికి రేంజరే స్వయంగా వచ్చాడు. దాక్షాయణి దగ్గరుండి ఆఖరి రాయి దాకా పీకించింది. సంతోషం పట్టలేక ఏడ్చింది, ఏడుస్తూనే కూలీలకు ఉడికించిన కర్రపెండలమూ చేపలకూరా వడ్డించింది.

"ఇక నీ చోటు నీదే అమ్మచ్చీ," అంది బీన.

దాక్షాయణి కొంగుతో ముఖం తుడుచుకుని మొగుడి చెట్టు పక్కకు చూసింది.

"నాదే. ఇప్పుడిక తొందరేముంది? ఈ వానలకు అక్కడ అరటి వేస్తా."