తల దించుకున్నవాడు

మా నాన్న కోప్పడేటప్పుడు తల దించుకుని నిలబడాలి. మా ఇంట్లో అదే చట్టం. ఆయన రైల్వేలో కళాసీ, మా ఇల్లు కంచరపాలెంలో. ఎదురు మాట్లాడినందుకు మా అన్నయ్య బెల్టు దెబ్బలు తిన్నాడు. నేను నోరు మూసుకుని తిట్లతో బయటపడేవాణ్ని.

“నువ్వు మాటాడకురా, ఆయనే సల్లారిపోతాడు,” అనేది అమ్మ.

వీధిలో అందరూ నన్ను బుద్ధిమంతుడనేవారు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో రేవులో ఒక కంపెనీకి క్రేన్ డ్రైవర్‌గా చేరాను. పైన కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏముందో కనపడదు. డెక్కు మీద నిలబడ్డ సిగ్నల్‌మన్ చెయ్యే మాకు కళ్లు. ఎత్తమంటే ఎత్తాలి, ఆపమంటే ఆపాలి. మా సిగ్నల్‌మన్ నన్ను బావా అనేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే క్యారేజీలో తినేవాళ్లం. వాళ్లింట్లో అందరూ గొంతు చించుకుని పోట్లాడుకుని, ఆనక కలిసి భోజనానికి కూర్చునేవారట. నాకది వింతగా ఉండేది.

ఒకరోజు అతను ఎవరితోనో కబుర్లాడుతూ, ఓడలోకి చూడకుండానే ఎత్తమని చెయ్యూపాడు. ఎత్తాను. కొక్కేనికి వేలాడుతున్న మెషిన్ పెట్టె ఓడ అంచుకు కొట్టుకుని బద్దలైంది. మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు.

“నాను ఆపమన్నాను సార్, ఈడే ఎత్తేసాడు,” అన్నాడు నా బావ, తడుముకోకుండా.

మేనేజరు నెమ్మదస్తుడు. నాకు కుర్చీ చూపించి, “భయపడకు, జరిగింది చెప్పవయ్యా,” అన్నాడు. నేను కూర్చోలేదు. చేతులు కట్టుకుని, తల దించుకుని, ఆయన కోపం చల్లారేదాకా ఆగుదామని నిలబడ్డాను. ఆయనకసలు కోపమే లేదు, చల్లారడానికి. చాలాసేపు చూసి, తప్పు నాదేనని తేల్చాడు. నన్ను క్రేన్ దింపి, చిరిగిన బస్తాలు కుట్టే పనిలో వేశారు.

సంగతి విని నాన్న మంచం మీంచి లేచాడు. అప్పటికి రిటైరయ్యాడు.

“నోరు లేదేట్రా నీకు? నాను సెయ్యలేదు బాబూ అని ఒక్క ముక్క అనలేకపోనావా?”

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన కళ్లలోకి చూశాను.

“నోరుంటే బెల్టుతో కొట్టీవోడివి కదా. ఇప్పుడెక్కడ్నించి తెమ్మంటావు?”

నాన్న చెయ్యెత్తలేదు. మాట్లాడటం ఇంత తేలికా అని ఏడుపొచ్చింది. అప్పటికే నా క్రేన్ మీదకు ఇంకొకడు ఎక్కేశాడు.