చేతికందని దర్వాజ

మా బావ ఆశీర్వాదం ఇంట్లోకి పోవాలంటే నాలుగు మెట్లెక్కి, అరుగు మీద నడుము సగానికి వంచి, తల ముందుకు పెట్టి దూరాలి. ఎంత జాగ్రత్తపడినా నా నెత్తికి దర్వాజ పైకమ్మి తగలని రోజు లేదు. తగిలిన ప్రతిసారీ ఆ ఇంటినీ, ఆ ఇంటి యజమానినీ, ఆ ఇంటికి మా అక్క రాహేలును ఇచ్చిన మా నాయననూ కలిపి తిట్టుకునేవాణ్ణి.

నాచారంలో ఒర్రె ఒడ్డున, ఆ చిన్న వాగుకు ఆనుకుని ఉండేది ఆ ఇల్లు. బావా నేనూ ఒకే రైల్వే వర్క్‌షాపులో పని. ఆయన ఫిట్టరు, నేను బరువులు మోసే ఖలాసీని. నేను లాలాపేటలో కిరాయి గదిలో ఉండేవాణ్ణి, ఆయన సొంత ఇంట్లో ఉండేవాడు. ఆ ‘సొంత ఇల్లు’ అన్న మాట రోజుకు పదిసార్లు వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయేది.

పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో కట్టాడు దాన్ని. సికింద్రాబాదులో ఎవరిదో పాత బంగళా కూలగొడుతుంటే ఒక టేకు దర్వాజ కొన్నాడు. ఏడున్నర అడుగుల ఎత్తు. ముందు దర్వాజ కొని, తరువాత దానికి తగ్గట్టు ఇల్లు కట్టిన మనిషిని నేను ఆయన్ను తప్ప ఇంకొకరిని చూడలేదు. రెండు గదులు, బెంగుళూరు పెంకులు, మట్టితో పేర్చిన రాతి గోడలు. మధ్యలో ఏనుగు పట్టేంత దర్వాజ. వాడకట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆయన నవ్వలేదు. వాళ్ళది ఆలేరు అవతల చిన్న ఊరు. వాళ్ళ నాయన అబ్బయ్య జీవితమంతా పటేలు ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని, నడుము వంచి నిలబడ్డవాడు. గృహప్రవేశం ప్రార్థన రోజు ముసలాయన ఈ దర్వాజ ముందుకొచ్చి కూడా అలవాటు కొద్దీ వంగాడు. అప్పుడు మా బావ ఆయన గడ్డం పట్టుకుని తల పైకెత్తాడు.

“నాయినా, నిటారుగ రా. గిది మనది” అన్నాడు.

అబ్బయ్య మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పైకి చాపి చూశాడు. పైకమ్మి అందలేదు. ఇంకోసారి చాపాడు. అందలేదు. చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఊరికి పోయి కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడట, “పట్నంల నా కొడుకు దర్వాజ నా చేతికి అందదు” అని. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేను నవ్వలేదు.

అక్కడితో ఆ ఇంటి మంచిరోజులు అయిపోయాయి. అరవై మూడులో ఒర్రె ఎగువన ఎక్కడో రంగుల కార్ఖానా ఒకటి వెలిసింది. అప్పటిదాకా మా అక్క బియ్యం కడిగిన ఒర్రెలోకి దాని మురికి వదిలారు. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా, ఎక్కువ రోజులు నల్లగా పారేది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఆ వాసన అన్నంలో ఉండేది, దుప్పట్లలో ఉండేది, మా అక్క తలవెంట్రుకల్లో ఉండేది. వానాకాలం ఒర్రె పొంగితే ఆ నీళ్ళు నేరుగా వంటింట్లోకి వచ్చేవి. కప్పలు చచ్చి వెల్లకిలా తేలుతూ వచ్చేవి. ఒకసారి పొయ్యిలోంచి చచ్చిన పందికొక్కును చీపురుతో లాగి పారేసి, అదే పొయ్యి కడిగి మా అక్క నాకు చాయ్ పెట్టింది. నేను తాగలేకపోయాను. ఆమె నన్ను చూసి, గ్లాసు తీసుకెళ్ళి పారబోసింది. ఆ ఇంట్లో గురువారం ప్రార్థన కూటాలు జరిగేవి. మొదట పాస్టరుగారు ముక్కుకు రుమాలు పెట్టుకుని ప్రార్థన చేశారు. తరువాత ప్రార్థన పొట్టిదైంది. తరువాత కూటమే హబ్సిగూడకు మారింది.

వేరే ఎవడైనా అయితే ఇల్లు వదిలేవాడు. మా బావ నేల లేపాడు.

ఇంజన్లలో కాలిన బొగ్గు బూడిద షెడ్డు బయట గుట్టలుగా పడి ఉండేది. కావలసినవాళ్ళు ఎత్తుకుపోవచ్చు. మా వర్క్‌షాపు వాళ్ళందరూ ఇళ్ళల్లో నేలకు అదే పోసుకునేవాళ్ళు. వానలు తగ్గగానే బావ ఆదివారం ప్రార్థన కూడా మానుకుని బూడిద మోసేవాడు. లోపల పోసి, దిమ్మిసతో కొట్టి, పైన సున్నం కలిపి మెత్తేవాడు. ముందరి అరుగు కూడా అంతే ఎత్తు లేపేవాడు. ఒక ఏడు బెత్తెడు, ఒక ఏడు జానెడు. మరుసటి వానకు ఒర్రె ఇంకో బెత్తెడు పొంగేది. నేల పైకి వచ్చినప్పుడల్లా తలుపు తెరుచుకోదు కదా, అందుకని రెక్కలు ఊడదీసి అడుగున అంత మేర రంపంతో కోసేవాడు. ఆ టేకు ముక్కలు మా అక్క పొయ్యిలో పెట్టేది.

ఇంతా చేసి పైకప్పు లేపాడా అంటే, లేదు. మేస్త్రీని పిలిపిస్తే గోడ మీద చెయ్యి వేసి, నానిపోయిన మట్టి గోరుతో గీకి చూపించాడు. ఈ గోడల మీద ఇంకొక వరస కూడా పేర్చలేమని, మొత్తం కూలగొట్టి కట్టాల్సిందేనని చెప్పిపోయాడు. కూలగొట్టడం అనే మాట మా బావ చెవికి ఎక్కదు. “వచ్చే ఏడు సూద్దాం” అన్నాడు. ఏడేళ్ళలో నేల మూడడుగులు లేచింది. కిటికీలు మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఆరడుగుల మనిషి తన ఇంట్లో తాను మెడ వంచుకుని తిరిగేవాడు. అసహ్యం వేసేది నాకు. ఆయన మీద మాత్రమే కాదు. ఆ బూడిద బస్తాల్లో సగం మోసింది నేనే మరి. బావ పిలిస్తే కాదనలేని చవట వెధవను.

ఈ మధ్యలో రెండుసార్లు ఆయనకు రైల్వే క్వార్టర్ వచ్చింది. రెండుసార్లూ వద్దని రాసిచ్చాడు.

“సర్కారు ఇంట్ల నేనుండ. రిటైరైన నాడు దిగిపొమ్మంటరు. గిది నాది. నన్ను లెవ్వుమనేటోడు లేడు” అనేవాడు.

“లెవ్వుమనేటోడు లేడు గని, లేస్తే నెత్తి తగుల్తది బావా” అన్నాను ఒకసారి. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

డెబ్భైలో ఆగస్టు నెలాఖరుకు క్వార్టర్ ఇస్తామని మూడో కాగితం వచ్చింది. కావాలంటే దాని మీద సంతకం పెట్టి పది రోజుల్లో ఆఫీసులో ఇవ్వాలి. ఈసారి కూడా వద్దంటే ఇక పేరు కొట్టేస్తారు. సోమవారం ఆఖరు రోజు. శుక్రవారం నాడు మా అక్క లాలాపేటలో నా గదికి నడిచి వచ్చింది. గడపలో కూర్చుని చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాగింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఒరిసిపోయి, పాదం మీదుగా పుండు పైకి పాకుతోంది. చీము వాసన నాకు కూర్చున్నచోటికే కొట్టింది.

“దవాఖానాల డాక్టర్ ఏమన్నడో ఎరికేనా? గా నీళ్ళల్ల కాలు పెడితే ఈ కాలు ఉండదు అన్నడు. మీ బావకు జెప్పిన. నేల ఇంకో జానెడు లేపుత, నీళ్ళు రావు అన్నడు.” కుచ్చిళ్ళు కిందికి దించింది. “తమ్మీ, ఈసారి నువ్వు బూడిద మోస్తే నాకు తమ్ముడు లేడనుకుంట.”

సరే అన్నాను. కానీ ఆదివారం పొద్దున్నే బావ సైకిలు బెల్లు కొట్టేసరికి ఖాళీ బస్తాలు చంకన పెట్టుకుని బయలుదేరాను. అదీ నా బతుకు.

రెండు ట్రిప్పులు వేశాం. మూడోసారి వచ్చేసరికి వాకిట్లో మా అక్క నిలబడి ఉంది, చెయ్యి పైట కింద పెట్టుకుని. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మొహం తిప్పుకుంది.

అదే సమయంలో, గృహప్రవేశం తరువాత మళ్ళీ మొదటిసారి, అబ్బయ్య వచ్చాడు. కళ్ళల్లో పొరలు కమ్మి చూపు పోతోందని, పట్నం దవాఖానాలో చూపించుకుందామని ఊరివాళ్ళ వెంట వచ్చాడట. వాళ్ళు రోడ్డు మీద దింపి పోయారు. ముసలాయన కర్రతో తడుముకుంటూ మమ్మల్ని దాటి మెట్లెక్కాడు. పక్కనే మేం ఉన్నామని కూడా ఆయనకు తెలియదు. చెయ్యి ముందుకు చాపాడు. దర్వాజ నిలువుకమ్మి తగిలింది. దాన్ని పట్టుకుని పైకి తడిమాడు. మోచెయ్యి పూర్తిగా చాపకముందే పైకమ్మి తగిలింది. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

కర్ర గోడకు ఆనించాడు. చెప్పులు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నడుము వంచాడు.

“తప్పయింది అయ్యా, వేరే ఇల్లనుకున్న” అన్నాడు లోపలికి చూస్తూ. “నా కొడుకు ఆశీర్వాదం ఇల్లు యాడనో జర జెప్పుర్రి. పెద్ద దర్వాజ ఉంటది. నా చేతికి అందదు.”

మా బావ భుజం మీద బస్తా అలాగే ఉంది. మొహమంతా బూడిద. బస్తా జారి మెట్ల మీద పడి పగిలింది. ఆయన తండ్రి దగ్గరికి పోలేదు. అక్కడే నిలబడి ఆ పైకమ్మిని, దాని కింద వంగి ఉన్న తెల్లటి తలను చూశాడు. పన్నెండేళ్ళ కింద అదే తలను ఎత్తిన చెయ్యి ఇప్పుడు ఊరికే వేలాడుతోంది.

“కాయిదం తే” అన్నాడు చివరికి, మా అక్క వైపు చూడకుండా.

ఆమె పైట కిందినుంచి చెయ్యి తీసింది. కాగితం అప్పటికే చేతిలో ఉంది. ఆయన గోడకు పెట్టి సంతకం చేశాడు. ఆయన వేళ్ళ బూడిద నల్లగా అంటుకుంది దాని మీద. మా అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి నా జేబులో కుక్కింది. రేపు నువ్వే ఆఫీసులో ఇవ్వు అని కూడా అనలేదు.

అరుగు మీద ముసలాయన జవాబు కోసం ఇంకా అలాగే వంగి ఉన్నాడు. కుంటుకుంటూ మెట్లెక్కి మా అక్క ఆయన చేతిలోని చెప్పులు తీసుకుంది. వంగి ఆయన కాళ్ళకు తొడిగింది.

“ఇల్లు గిదే మామా” అంది. “నువ్వు వంగకు. మేమే బయటికొస్తున్నం.”