రాహుకాలంలో తెచ్చిన పెట్రోలు

మీ జనరేటర్ పక్కనో, గడ్డి కోసే మిషన్ పక్కనో ఒక డబ్బా ఉంటుంది కదా, అందులోని పెట్రోలు ఎప్పటిదో చెప్పగలరా? నెల చెప్పండి, తారీఖు చెప్పండి. "మొన్నటిదే" అని మాత్రం అనకండి. నేనూ అదే అన్నాను. నలభై మంది ముందు అన్నాను.

నాంపల్లిలో మా ఇంటి ముందు వాకిలి కాస్త పెద్దది. నెలకో ఆదివారం అక్కడ కుర్చీలు వేసి చర్చ పెడతాను. ఆ నెల విషయం ముహూర్తాలు. సభ సాయంత్రం నాలుగున్నరకు అని కావాలనే ప్రకటించాను. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఏ పనీ మొదలుపెట్టకూడదనే ఆ గంటన్నరలోనే మొదలుపెట్టి, ఏమీ కాదని చూపించాలని నా పంతం.

నా ప్రత్యర్థి పక్కింటి తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం నడుపుతాడు, ముప్పై ఏళ్లుగా అక్కా అని పిలుస్తూనే నాతో వాదిస్తాడు. పంచాంగం చూడకుండా షట్టర్ ఎత్తడు. ఆ ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నేను పాత పుస్తకాలు ఏరుతుంటే ఎదురయ్యాడు.

"అక్కా, గా టైముల నీ మైకు మోగదు, రాసి పెట్టుకో."

"మోగితే?"

"మోగితే కొత్త కౌంటర్ రాహుకాలంలనే తెరుస్త. మోగకుంటే నువ్వు అందరి ముందట ఒప్పుకోవాలె. ఆరు లోపల మోగాలె మరి. ఆరు దాటినంక మోగితే లెక్కలకు రాదు."

ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ల వాదన ఒక్క సాయంత్రంతో తేలిపోతుందని సంబరపడ్డాను కూడా.

నాలుగుంబావుకు కరెంటు పోయింది. లైన్ మరమ్మతట, రాత్రి దాకా రాదట. నేను బెదరలేదు. మెట్ల కింద చిన్న జనరేటర్ ఉంది, మేడ మీద రేకుల కింద డబ్బాలో పెట్రోలు ఉంది. ట్యాంకులో సగం దాకా పాతదే ఉంటే, దాని మీదే డబ్బాలోది పోసి స్టార్టర్ తాడు లాగాను. మిషన్ కదల్లేదు. పది సార్లు లాగాను. సభకు వచ్చిన ఇద్దరు బలమైన వాళ్లు లాగారు. ఒకసారి దగ్గి ఊరుకుంది. తమ్ముడు ముందు వరుసలో కూర్చుని వాచీ చూసుకుంటూ, "ఏంది అక్కా, జనరేటర్ కూడ పంచాంగం చూసుకున్నదా?" అన్నాడు. వాకిలంతా నవ్వు.

చాదర్‌ఘాట్‌లో జనరేటర్లు బాగుచేసే పెద్దమనిషికి ఫోన్ చేశాను. ఐదుంబావుకు స్కూటర్ మీద వచ్చాడు. తాడు ముట్టనే లేదు. ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం చిట్లించాడు.

"పెట్రోల్ ఎప్పటిది మేడమ్?"

"మొన్నటిదే."

"ఏ మొన్న?"

ఆలోచించాను. ఎండలు మొదలైనప్పుడు కొన్నాను. ఇప్పుడు వానలు పడుతున్నాయి.

"గిది పెట్రోల్ కాదు మేడమ్, వార్నిష్," అన్నాడు. డబ్బాలో అడుగున ఉన్నది ఒక గాజు గ్లాసులోకి వంచాడు. చిక్కటి పసుపు రంగు. దాని కింద నీళ్లలాంటి పొర వేరుగా తేరుకుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమను పీలుస్తుంది, ఎండకు మిగతాది ఆవిరై జిగురు మిగులుతుంది, ఆ జిగురు కార్బురేటర్‌లో సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. పైగా నేను వాడింది తాగేనీళ్ల ప్లాస్టిక్ డబ్బా, మూత వదులు, తలపైన కాలే రేకు.

"నేను ట్యాంకు ఖాళీ చేసి కార్బురేటర్ కడుగుత. జర ఎవరన్న కొత్త పెట్రోల్ తెండి," అని తన స్కూటర్ మీది ఇనుప డబ్బా చూపించాడు.

ఎవరు వెళ్లాలి? మిగతావాళ్లంతా నడిచి వచ్చినవాళ్లు, బండి ఉన్నది తమ్ముడికే. నేను అడగలేదు. చూశానంతే.

"రాహుకాలంల నన్ను పనికి పంపుతున్నవా?"

"నువ్వు పోకపోతే నీకు ఓడిపోతానని భయమనుకుంటారు."

"భయం నాకా? నీకే ఫికర్ పట్టుకున్నది, మొహం చూస్కో," అని డబ్బా తీసుకుని బయలుదేరాడు. బషీర్‌బాగ్ వైపు ఆదివారం రద్దీ. ఐదూ నలభై ఐదుకు చెమటలతో తిరిగొచ్చాడు. కొత్త పెట్రోలు పోశారు. పెద్దమనిషి తాడు మీద చెయ్యి వేసి రెండోసారి లాగేసరికి మిషన్ మోగింది. మైకూ మోగింది. నా వాచీలో ఆరుకు ఇంకా ఎనిమిది నిమిషాలు.

చప్పట్లు కొట్టారు. తమ్ముడు లేచి నిలబడి, "గెలిచినవ్ అక్కా, కౌంటర్ రాహుకాలంలనే తెరుస్త," అన్నాడు. నేను మైకు పట్టుకున్నాను. ఆ నిమిషంలో విజయోపన్యాసం ఇవ్వడం ఎంత సులువో! కానీ ఆరూ పదికి మోగి ఉంటే రాహువు గెలిచినట్టేనా? కాదు. ఎనిమిది నిమిషాల ముందు మోగింది కాబట్టి రాహువు లేడని రుజువైందా? అదీ కాదు. మిషన్‌ను ఆపింది కుళ్లిన పెట్రోలు, దాన్ని కుళ్లబెట్టింది నేను. మూత పెడితే పెట్రోలు చెడదని ఇన్నేళ్లు నమ్మాను. ఒక్కసారైనా పరీక్షించి చూడలేదు. పరీక్షించని నమ్మకాన్ని ఏమంటామో ఆ వాకిట్లోనే ఎన్నిసార్లు చెప్పానో! ఆ పందెం ఒప్పుకోవడమే నా తప్పని మైకులో చెప్పాను.

"అక్కా, నీకు కూడ ఒక మూఢనమ్మకం దొరికింది!" అని తమ్ముడు అరిచాడు. ఈసారి నవ్వింది నేనే ముందు.

ఇప్పుడు మా పెట్రోలు గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో, నీడలో, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంటుంది. గడ్డి కోసే మిషన్‌కు ఆయిల్ కలిపిన పెట్రోలు వేరే డబ్బాలో. నెలకు సరిపడేదే కొంటాం, వాడకం లేకపోతే ట్యాంకు ఖాళీ చేస్తాం. పాతది మోరీలో పారబోయం, పెద్దమనిషి దుకాణానికి ఇస్తాం. డబ్బా మీద కొన్న తారీఖు రాసేది తమ్ముడే. రోజూ పంచాంగం తిప్పేవాడికంటే తారీఖులు గుర్తుండేదెవరికి? నెల దాటగానే గోడ మీంచి కేకేస్తాడు, "అక్కా, నీ పెట్రోల్‌కు శని పట్టింది, మార్చు!" శని సంగతి నేను ఒప్పుకోను. పెట్రోలు మాత్రం మారుస్తాను.

ఇక మీ వంతు. చదవడం ఆపండి, లేవండి. డబ్బా దగ్గరికి వెళ్లండి. తారీఖు లేకపోతే అందులోది మిషన్‌లో పోయకండి, మెకానిక్‌కు ఇచ్చేయండి. కొత్తది తెచ్చి, మూత బిగించే ముందే ఈరోజు తారీఖు దాని మీద రాయండి.