మామూలు వరుస

జగదల్‌పూర్ గ్రీన్‌హౌస్‌లో జన్యువు మార్చిన టమాటాలు ఒక వరుస, పోల్చి చూడ్డానికి మామూలువి ఒక వరుస. రోజూ పొద్దున్నే ఆకులు కోసి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచేదాన్ని. మొక్కను తాకితే కాసేపు చురుకయ్యే జన్యువు ఒకటుంది. అది మామూలు వరుసలోనే చెలరేగుతోంది. మూడు వారాల పని బూడిదలో పోసిన పన్నీరైంది. ఎవరు ముట్టారని గయ్యిమన్నాను.

"నేనే నిమిరిన బిడ్డా," అంది మొక్కలకు నీళ్లు పోసే కొంటా ఊరి అవ్వ. "మీరందరు ఆ వరుస చుట్టే తిరుగుతరు. వీటిని పలకరించెటోళ్లు ఏరి?"

నా కోపం చప్పున చల్లారింది. నిమిరితే అన్నిటినీ నిమరాలి, లేదా దేన్నీ ముట్టకూడదన్నాను.

మర్నాడు అవ్వ రెండు వరుసలూ నిమిరింది. ఆఖరున నా తల కూడా.